నిద్రపోని కావలి: పొగను, వేడిమిని తెలుపు సూచకములను ఇంట నెచ్చట నుంచవలెను?



పంట చేతికి వచ్చు దినములలో మనము చేనిలో మంచె వేసికొని రాత్రియెల్ల మేలుకొని కాచుదుము. చెరువు నిండిన కాలమున కట్టమీద నీరటివాడు తిరుగుచుండును. దొంగ వచ్చినచో కుక్క మొరగును. కాని ఇంటిల్లిపాదియు గాఢనిద్రలో నున్నవేళ ఇంటిలోననే పుట్టిన నిప్పును కనిపెట్టి మనలను లేపు కావలి యెవరు? మన తాతలనాడు ఈ ప్రశ్నకు సమాధానము లేదు. నేడు కలదు. అరచేతిలో నిముడునంతటి చిన్న యంత్రము ఆ పని చేయుచున్నది. దానిని కొనుట సులభమే. ఉంచవలసిన తావున నుంచుటయే తెలిసికొనవలసిన విషయము. తగని తావున నిలిచిన కావలివాడు ఉన్నను లేనివాడే. కావున ఈ పూట దేవరుప్పుల ప్రాంతపు ఇండ్లను మనస్సున నుంచుకొని ఆ తావులను గూర్చి ముచ్చటింతును.

ముందుగా రెండు దుఃఖవార్తలను జ్ఞాపకము చేయక తప్పదు. 2025వ సంవత్సరము మే నెల 18వ తేదీ ఆదివారము ఉదయమున హైదరాబాదులో చార్మినారు చెంతనున్న గుల్జార్ హౌజ్ నందలి యొక పాతయింట అగ్నిప్రమాదము సంభవించినది. క్రింద దుకాణములు, పైన కాపురము, రాకపోకలకు ఇరుకైన దారి. ఒకే కుటుంబమునకు చెందిన 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పసిబిడ్డలు. అంతకు రెండేండ్లకు పూర్వము, 2023 మార్చి 16వ తేదీ రాత్రి, సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు రేగి ఆరుగురు యువతీయువకులు ప్రాణములు కోల్పోయిరి. వారు వరంగల్లు, ఖమ్మము ప్రాంతములనుండి బ్రతుకుదెరువునకై పట్టణమునకు వెళ్ళినవారు. మన చుట్టుప్రక్కల బిడ్డలే. ఈ రెండు చోట్లను ప్రాణములు తీసినది ప్రధానముగా మంట కాదు, పొగ.

ఇది పెద్దలు గుర్తింపవలసిన మొదటి సంగతి. నిప్పు ఒక మూలనే యుండును. పొగ ఇల్లంతయు తిరుగును. ఆ పొగతోకూడ కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో చేరి, ప్రాణవాయువు నిలువవలసిన చోటును తానాక్రమించును. నిద్రలోనున్నవాడు దానిని పీల్చి మరింత మత్తులోనికి జారును గాని మేలుకొనడు.

ఒకానొక గ్రామమున నేనీ సంగతి చెప్పుచుండగా ఒక వృద్ధుడు నవ్వి, “అయ్యా, పొగ వస్తే మా ముక్కులకు తెలువదా? దానికొక మిషను గావాల్నా?” అని యడిగినాడు. మేలుకొని యున్నంతసేపు ఆయన చెప్పినది నిజమే. కాని నిద్రలో ముక్కు మనలను లేపునని నమ్ముకొనరాదు. నిద్రించువానికి చెవియే మేలైన కాపు. తల్లిని బిడ్డ యేడ్పు లేపును. పొగ వాసన లేపునన్న నమ్మకము లేదు. ఈ యంత్రము చేయు పని యంతయు నింతే: ముక్కునకు తెలియవలసిన దానిని చెవికి తెలుపుట.

“మా తాతలు ఇవి లేకుండ బ్రతుకలేదా?” అని మరియొకరు అడుగవచ్చును. బ్రతికిరి, కాని వారి యిండ్లు వేరు. పెంకుటింట పెంకుల సందులనుండి పొగ వెలుపలికి పోవుచుండెను. పరుపు అనగా బొంత లేక దూది పరుపు. నేడు మన పల్లెలలోను స్లాబు ఇండ్లు లేచినవి. కిటికీలు మూసి, శీతలయంత్రము నడిపి పడుకొనువారు పెరిగిరి. నురుగు పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, టెలివిజన్లు, ఇన్వర్టరు బ్యాటరీలు ఇంటిలోనికి వచ్చినవి. ఇవి అంటుకొన్నచో దట్టమైన విషపు పొగను త్వరితముగా వెదజల్లును. స్లాబు క్రింద నది పోవుటకు దారి యుండదు. ఇల్లు మారినది గనుక కావలియు మారవలెను.

ఇక యంత్రమును గూర్చి రెండు మాటలు. 1930వ దశకమున స్విట్జర్లండు దేశపు శాస్త్రజ్ఞుడు వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టు సాధనమును నిర్మింప యత్నించెను. అది విషవాయువునకు కదలలేదు. విసిగి ఆయన సిగరెట్టు ముట్టించుకొనగా ఆ పొగకు సాధనపు ముల్లు కదలెనని చెప్పుదురు. విఫలమైన ఆ యత్నమునుండియే నేటి ధూమసూచకములలో నొక జాతి పుట్టినది. దానికంటె మన యిండ్లకు తగిన రెండవ జాతి వెలుతురుతో పని చేయునది. పెంకుల సందునుండి ఎండపొడ ఇంటిలోనికి దిగునపుడు అందులో దుమ్ము కణములు మెరయుట మీరందరు చూచినదే. దుమ్ము లేనిచో ఆ కిరణము ప్రక్కనుండువాని కంటికి కానరాదు. ఈ సూచకములో నొక చీకటి గూడు, అందొక చిన్న దీపము, దానికి ప్రక్కవాటుగా నొక యంత్రనేత్రము ఉండును. పొగ గూటిలో ప్రవేశించినపుడు వెలుతురు చెదరి ఆ నేత్రమున పడును. వెంటనే గంట మ్రోగును. మెల్లమెల్లగా రాజుకొను నిప్పును ఇది త్వరగా కనిపెట్టును. పరుపు, ప్రత్తి, బట్టలు రాజుకొనునది ఆ విధముగనే గదా!

ఉష్ణసూచకము దీనికి భిన్నమైనది. అది పొగను లెక్కచేయదు, వేడిమినే చూచును. కొన్ని సుమారు 57 డిగ్రీల సెల్సియస్ వద్ద మ్రోగును. మరికొన్ని వేడిమి నిమిషమునకు ఎనిమిది డిగ్రీలకు మించి పెరుగుచున్నచో మ్రోగును. పొగ ముందు వచ్చి వేడిమి వెనుక వచ్చును గనుక ఉష్ణసూచకము ఆలస్యముగా మేల్కొను కావలి. కాబట్టి పడకటింట దానిని నమ్ముకొనరాదు. ధూమసూచకము నిలువలేని చోటులకు మాత్రమే అది తగును.

ఇప్పుడు తావుల సంగతి.

ఒక్కటియే కొనగల కుటుంబము దాని నెచ్చట నుంచవలెను? పలువురు వంటయింట నుంచవలెనని తలంతురు. నిప్పు అచ్చటనే కదా యుండునని వారి యూహ. అది పొరపాటు. మనము కాపాడవలసినది పొయ్యిని కాదు, నిద్రించు మనుష్యులను. కావున మొదటి సూచకము పడకగదుల వాకిట, ఆ గదులకును తక్కిన యింటికిని నడుమనున్న దారిలో, పైకప్పునకు ఉండవలెను. వంటయింటనో, ముందు గదిలోనో పుట్టిన పొగ పడకగదికి చేరవలెనన్న ఆ దారినే రావలెను. అది మనుష్యుని చేరకముందే గంట మ్రోగును.

రెండవది కొనగలిగినచో ముసలివారు గాని, పిల్లలు గాని పడుకొను గది లోపల నుంచుడు. రాత్రి తలుపు మూసికొని పడుకొనువారికి వెలుపలి గంట మందముగా వినబడును. పైగా ఆ గదిలోననే దోమల చుట్టవలననో, తీగలు కాలుటవలననో నిప్పు పుట్టినచో వెలుపలి సూచకమునకు ఆలస్యముగా తెలియును. నగరములో పిల్లలు, పల్లెలో వృద్ధ దంపతులు ఇద్దరే యున్న ఇండ్లు నేడు మనకు అనేకములు. ఆ యిండ్లలో ఈ రెండవది విలాసము కాదు. మూడవది మేడగల యింట మెట్ల పైభాగమున. మెట్లదారి పొగకు గొట్టము వంటిది. క్రింది పొగ యంతయు దానిగుండ పైకెక్కును. అన్నియు సమకూడినచో ప్రతి పడకగదిలో నొకటి, పడకగదుల వెలుపల నొకటి, ప్రతి అంతస్తున నొకటి యుండవలెనని నిపుణుల మతము.

కప్పుమీద ఎచ్చట? వేడిపొగ పైకి లేచి కప్పును తాకి, గొడుగువలె నలుదిక్కుల వ్యాపించును. అందుచే గది కప్పు నడుమ భాగమే ఉత్తమమైన తావు. నడుమ పంకా యున్నచో దాని రెక్కల కొననుండి గజము దూరము జరుపవలెను. పంకా గాలి పొగను చెదరగొట్టును. శీతలయంత్రపు గాలి నేరుగా తగులు చోటునుండియు గజము దూరము ఉండవలెను. గోడకు కొట్టక తప్పనిచో కప్పునుండి అడుగులోపలనే కొట్టవలెను. తలుపునకు పైన చేయి అందు ఎత్తున కొట్టుట వ్యర్థము. గోడయు కప్పును కలియు మూలకు పొగ ఆలస్యముగా చేరును గనుక, ఆ మూలనుండి నాలుగంగుళములైన ఎడముంచుట మంచిది.

పెంకుటింటివారికి వేరొక జాగ్రత్త. అచ్చట సమమైన కప్పు లేదు. రెండు వాలులు కలియు కొప్పు కలదు. పొగ కొప్పువైపే పోవును. కాని కొప్పు అంచు చివర కొంత గాలి కదలక నిలిచియుండి పొగను దగ్గరకు రానీయదు. కావున అంచునుండి నాలుగంగుళములు దిగువగా, కొప్పునుండి గజములోపల, వాసమునకు గాని దూలమునకు గాని బిగింపవలెను. దూలములు దిగువకు వచ్చియున్న పాతమిద్దెలలో రెండు దూలముల నడుమ పొగ కొంతసేపు చిక్కుకొనును. అట్టి యింట మంచము వేసికొను అంకణమునందే సూచకము నుంచుట మేలు.

రేకుల యిండ్లవారు మరింత ఆలోచింపవలెను. మన వైశాఖ జ్యేష్ఠములలో రేకుక్రింది వేడిమి మీ కెరుకయే. 57 డిగ్రీలకు మ్రోగు ఉష్ణసూచకమును రేకునకు తగిలించినచో నిప్పు లేకయే మధ్యాహ్నము మ్రోగును. అధిక వేడిమికి ఏర్పరచిన రకమును అడిగి తీసికొనవలెను. ధూమసూచకమునకైనను ఎంత వేడిమివరకు పని చేయునో దాని పెట్టెలోని కాగితమున వ్రాసియుండును, చదివించుకొని కొనుడు. దానిని రేకునకు నేరుగా కాక, రేకునకు కొంత దిగువనున్న కమ్మికి గాని, కప్పునకు అడుగులోపల గోడకు గాని బిగించుట మంచిది.

వంటయింటి మాట. పోపు పెట్టినను, రొట్టె మాడినను, కట్టెల పొయ్యి రాజేసినను ధూమసూచకము మ్రోగును. రెండు దినములు మ్రోగినచో మూడవనాడు ఇంటివారు విసిగి బ్యాటరీ ఊడదీయుదురు. అన్నిటికంటె పెద్ద ప్రమాదమిదియే. కాబట్టి ధూమసూచకము పొయ్యికి పదియడుగుల దూరమునకు తక్కువగా నుండరాదు. వంటయింటి లోపల ఉష్ణసూచకమునే యుంచవలెను. సాంబ్రాణి పొగ వేయు దేవుని గది వాకిటను, వేడినీళ్ల ఆవిరి వచ్చు స్నానపుగది తలుపునకు గజము లోపలను ధూమసూచకము తగదు.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలెను. ఈ రెండు సూచకములలో ఏదియు గ్యాసు కారుటను తెలుపజాలదు. మన సిలిండరులోని గ్యాసు గాలికంటె బరువైనది. అది కప్పునకు లేవక నేలమీద పరచుకొనును. దానిని తెలుపు యంత్రము వేరు. దానిని పొయ్యి దగ్గర, నేలకు అడుగు ఎత్తులోపల నుంచవలెను. పొగకు పైన, గ్యాసుకు క్రింద అని పిల్లలచేత కంఠపాఠము చేయింపుడు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన అపాయము ప్రత్తి. ఏరిన ప్రత్తిని ధర వచ్చువరకు ఇంటిలో కుప్పపోసి, దాని ప్రక్కనే మంచము వేసికొని పడుకొనువారు కలరు. ప్రత్తిలో పడిన బీడీ నిప్పు పైకి కనబడక లోలోపల గంటల తరబడి రాజుకొనును. ఇంటివారు నిద్రించిన పిదప అది మేల్కొనును. ప్రత్తి యున్న గదిలో ధూమసూచకము నుంచవచ్చునా? దూదిపీచు, దుమ్ము దాని గూటిలో చేరి ఊరక మ్రోగింపవచ్చును. ఉష్ణసూచక మొక్కటియే చాలునా? చాలదు, రాజుకొను ప్రత్తి పొగ మిక్కుటముగను వేడిమి తక్కువగను ఇచ్చును గనుక అది మిగుల ఆలస్యము చేయును. కావున గదిలో ఉష్ణసూచకము, గది వెలుపల దుమ్ము తక్కువగనున్న దారిలో ధూమసూచకము, ఈ రెండును కావలెను. అంతకంటె మేలైనది, ప్రత్తిని పడుకొను ఇంటినుండియే వేరుచేయుట. అది సాధ్యము కానిచో, కుప్ప మాత్రము దర్వాజాకు అడ్డముగా నుండరాదు. గంట మ్రోగినను వెలుపలికి దారి లేకున్న ఆ గంట యెందులకు? గుల్జార్ హౌజ్ ఇరుకుదారి మనకు నేర్పిన పాఠమిదియే.

అట్టిదే విద్యుత్ స్కూటరు. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో నొక భవనపు క్రింది భాగమున విద్యుత్ స్కూటర్లు నిలిపిన చోట నిప్పు పుట్టగా, పైన వసతి గృహములోనున్న 8 మంది మరణించిరి. అక్కడను పొగ మెట్లదారిన పైకెక్కినది. కావున స్కూటరును గాని దాని బ్యాటరీని గాని రాత్రివేళ పడకటింట, మెట్లక్రింద, వాకిలి కడ్డముగా పెట్టి ఛార్జింగు చేయరాదు. అట్టి వసారాలో ఉష్ణసూచకము, దానికిని ఇంటికిని నడుమనున్న తలుపు లోపలివైపున ధూమసూచకము ఉంచుట యుక్తము.

పెద్దవయస్సువారి వినికిడి సంగతి మరువరాదు. సాధారణపు సూచకముల కూత సన్నగా, హెచ్చు స్థాయిలో నుండును. వృద్ధుల చెవి ముందుగా కోల్పోవునది ఆ స్థాయినే. 520 హెర్ట్‌జుల బొంగురు ధ్వని వారిని బాగుగా లేపునని పరిశోధనలు తేల్చినవి. అట్టివి దొరకినచో అవే కొనుడు. ఒకటి మ్రోగిన తక్కినవన్నియు మ్రోగునట్లు తీగలేకయే కలుపబడిన సూచకములును కలవు; వెనుక వసారాలో పడుకొను తాతకు ముందుగదిలోని పొగ సంగతి అవి వెంటనే చెప్పును. కొనునపుడు ధూమసూచకములకు ఐ.ఎస్. 11360, ఉష్ణసూచకములకు ఐ.ఎస్. 2175 అను భారతీయ ప్రమాణములు కలవని జ్ఞాపకముంచుకొని అంగడివానిని విచారింపుడు.

పెట్టి మరచిపోయిన సూచకము గోడమీది బొమ్మతో సమానము. ప్రతి అమావాస్యనాడు దాని మీట నొక్కి మ్రోగుచున్నదో లేదో చూడవలెను. ఇంటిలోని అందరును ఆ ధ్వనిని విని గుర్తుపట్టవలెను. మార్చదగిన బ్యాటరీని ప్రతి ఉగాదికి మార్చవలెను. నెలకొకసారి మెత్తని కుంచెతో దుమ్మును, సాలెగూడును తుడువవలెను. చిన్న సాలెపురుగు లోపల దూరినను యంత్రము మోసపోవును. సున్నము, రంగు వేయునపుడు మూతవేసి, పని ముగియగానే మూత తీయవలెను. దానిపై రంగు పూయరాదు. పదియేండ్లు నిండిన ధూమసూచకమును, మ్రోగుచున్నను సరే, మార్చవలెను. అమెరికా దేశపు లెక్కలలో, ఇండ్ల అగ్నిప్రమాద మరణములలో అయిదింట మూడు వంతులు సూచకములు లేని యిండ్లలోనో, ఉన్నను పని చేయని యిండ్లలోనో జరిగినట్లు తేలినది. ‘ఉన్నను పని చేయని’ అను మాటను గమనింపుడు.

గంట మ్రోగినప్పుడు ఏమి చేయవలెను? పొగ పైన నుండును, మంచిగాలి నేలదగ్గర నుండును. కావున వంగి, అవసరమైనచో ప్రాకుచు వెలుపలికి పోవలెను. మూసిన తలుపును చేతి వెనుకభాగముతో తాకి చూడుడు. వేడిగానున్నచో తెరువక వేరొక దారి వెదకుడు. నగలకు, కాగితములకు తిరిగి లోపలికి పోరాదు. ఇంటివారందరు చేరవలసిన చోటు, వేపచెట్టు గాని, ఎదురింటి అరుగు గాని, ముందే నిర్ణయించుకొని యుండవలెను; లెక్క చూచుకొనుటకు అది యావశ్యకము. వెలుపలికి వచ్చిన పిదప 101కి గాని 112కి గాని ఫోను చేయవలెను. అగ్నిమాపక శకటము పట్టణమునుండి మన పల్లెకు చేరుటకు కొంత కాలము పట్టును. ఆ కాలమున మన ప్రాణములను కాపాడుకొనవలసినవారము మనమే. అందుచేతనే పట్టణమువారికంటె పల్లెవారికి ఈ కావలి మరింత అవసరము.

పెద్దలారా, పల్లెలో ఒక క్రొత్త వస్తువు నిలువవలెనన్నచో ముందుగా పెద్దల యింట నిలువవలెను. మీ యింట కప్పుక్రింద ఒక సూచకము కనబడినచో మీ వాడకట్టులో పదియిండ్లవారు దానిని గూర్చి అడుగుదురు. అడిగినవారికి ఎచ్చట నుంచవలెనో, ఎచ్చట నుంచరాదో చెప్పుడు. ఈ రాత్రి పడుకొనుటకు ముందు మీ మంచముమీదనుండి ఒక్కసారి పైకప్పును చూడుడు. వంటయింటినుండి మీ తలవరకు పొగ యే దారిన వచ్చునో మనస్సున ఊహించుకొనుడు. ఆ దారిలో, మీకంటె ముందుగా పొగ తాకు చోటేదో అదియే మీ కావలివాడు నిలువవలసిన తావు.